2020కి ముందు అచ్చయిన డిస్టోపియా కథల్లో లాక్‌డౌన్ ఛాయలు: ఏవి చదవాలి, ఏం వెతకాలి?

పుటలమధ్య
నెలకోసారి కూడే పఠన బృందానికి జాబితా తయారు చేయాలి. అంశం: డిస్టోపియా కథల్లో, అంటే చెడిపోయిన ఊహాలోకాల కథల్లో, కరోనా నాటి ఒంటరితనం ఛాయలు. షరతులు మూడే. కథ 2020 మార్చికి ముందు అచ్చయి ఉండాలి, నవల కాకూడదు, గంటన్నర చొప్పున మూడు సమావేశాల్లో అయిపోవాలి. సభ్యుల్లో సగం మంది ఇంగ్లీషు చదవగలరు గానీ మెల్లగా.

ప్రస్తుతానికి ఇ.ఎం. ఫోర్‌స్టర్ ‘ది మెషిన్ స్టాప్స్’, ఎడ్గార్ అలన్ పో ‘ది మాస్క్ ఆఫ్ ది రెడ్ డెత్’, జాక్ లండన్ ‘ది స్కార్లెట్ ప్లేగ్’ అనుకున్నాం. ఏది తీసేయాలి, ఏం చేర్చాలి? “అబ్బ, వీడియో కాల్ గురించి అప్పుడే రాసేశాడే” అనే దగ్గర చర్చ ఆగిపోకుండా ఏం అడగాలి?

రెండోపఠనం
స్కార్లెట్ ప్లేగ్ తీసేయండి. చెడ్డదని కాదు, మీ అంశానికి పనికిరాదు. 1912లో వచ్చింది. 2013లో మహమ్మారి వచ్చి లోకం ఊడ్చుకుపోతే, 2073లో ఒక ముసలి ప్రొఫెసర్ మనవళ్లకు ఆ సంగతి చెబుతుంటాడు. అందులో ఒంటరిగా ఉండటం అనేది ఒక్కచోటే తగులుతుంది: బర్క్‌లీలో జనం కెమిస్ట్రీ భవనంలోకి చేరి తలుపులు బిగించుకునే భాగం. మిగతాదంతా నాగరికత కూలాక మిగిలినవాళ్ల సంగతి. పైగా నిడివిలో నవలిక.

జబ్బు ఉన్న ప్రతి కథా ఏకాంతం కథ కాదు. ఏకాంతం ఉన్న మంచి కథల్లో చాలావాటిలో జబ్బే లేదు. ఫోర్‌స్టర్ కథలో ఎవరికీ ఏ అంటురోగమూ రాదు. గదిలో అన్నీ అమరాయి కాబట్టి జనం గదిలో ఉండిపోయారు, అంతే. బృందాన్ని మొదటే ఈ మాట దగ్గర నిలబెట్టండి. లేకపోతే గంటన్నరా “అచ్చం మనకు జరిగినట్టే” తోనే గడిచిపోతుంది.

నల్లసిరా
రెండోపఠనం గారితో ఏకీభవిస్తూ ఫోర్‌స్టర్ కథకు కొన్ని ఆనవాళ్లు ఇస్తాను. 1909 నవంబరులో ‘ది ఆక్స్‌ఫర్డ్ అండ్ కేంబ్రిడ్జ్ రివ్యూ’లో అచ్చయింది, 1928లో ‘ది ఎటర్నల్ మొమెంట్’ సంపుటిలో చేరింది. ఇంగ్లీషులో సుమారు 12 వేల మాటలు. భాగాలు మూడు: ది ఎయిర్‌షిప్, ది మెండింగ్ ఆపరేటస్, ది హోమ్‌లెస్. గట్టిగా చదివితే గంటా ఇరవై నిమిషాలు పడుతుంది కాబట్టి సమావేశంలో మొత్తం చదవకండి. ఇంటి దగ్గర చదివి రమ్మనండి, అక్కడ ముక్కలు మాత్రం చదవండి.

చూడాల్సిన చోట్లు ఇవి.

జనమంతా భూమి అడుగున ఉండే లోకం, వాళ్ల అవసరాలన్నీ చూసేది మెషిన్ అనే ఒకే మహా యంత్రం. తేనెపట్టు అరలా ఆరు పలకల గది. కిటికీ లేదు, దీపం లేదు, అయినా వెలుగు. సామాను ఒక చేతుల కుర్చీ, చదువుకునే బల్ల. కుర్చీలో వాష్టి అనే తల్లి. కొడుకు కూనో భూగోళానికి అవతలి వైపు. ఆమె చేతిలోని గుండ్రటి పలక వెలగడానికి 15 సెకన్లు పడుతుంది, ఆ ఆలస్యానికే ఆమెకు విసుగు. కొడుక్కి ఇచ్చే సమయం 5 నిమిషాలు. ఆ పలకలో కనిపించేది నీలాంటిదే గానీ నువ్వు కాదంటాడు కూనో. జూమ్‌తో పోల్చేవాళ్లంతా ఇక్కడే ఆగుతారు. ఆగనివ్వకండి, ఇంకొంత ముందుకు నడిపించండి. అక్కడ ఐసొలేషన్ స్విచ్ అనే మీట ఉంది. కొడుకుతో మాట్లాడటం కోసం ఆమె దాన్ని నొక్కి ఉంచింది. మాట ముగిశాక తిరిగి తిప్పగానే మూడు నిమిషాల్లో పోగుపడిన గంటలు, పిలుపులు, ప్రశ్నలు ఒక్కసారి మీద పడతాయి: కొత్త తిండి ఎలా ఉంది, ఈమధ్య ఏమైనా ఆలోచనలు వచ్చాయా. అంటే ఈ కథలో ఒంటరి గదికి నిశ్శబ్దం అన్నదే లేదు. కావాలంటే మీట నొక్కి తెచ్చుకోవాలి.

2020లో ఇంట్లో చిక్కుకున్నవాళ్ల ఫోన్లు రోజంతా మోగుతూనే ఉన్నాయి, వాట్సాప్ బృందాలు పొంగిపొర్లాయి. పోలిక కుదిరేది ఇక్కడ, తెర దగ్గర కాదు.

పుటలమధ్య
ఇది బాగుంది. మెల్లగా చదివేవాళ్లకు మూడు భాగాలూ తప్పనిసరా? మొదటి భాగం ఒక్కటే ఇస్తే?

నల్లసిరా
మొదటి భాగం ఒక్కటే ఇస్తే సరిగ్గా మీరు భయపడిందే జరుగుతుంది. యంత్రాల జాబితా చేతికొస్తుంది, కథ రాదు. ఒక భాగం వదలక తప్పదంటే రెండోదాన్ని మీరే పావుగంటలో తెలుగులో చెప్పేయండి. మూడో భాగం మాత్రం అందరూ చదవాలి.

వరంగల్లు_వాడ
రెండో భాగం వదలొద్దన్నా. పైకి పోవాలంటే అనుమతి పత్రం కావాలి అని రాసిండు కదా, అది అసలు సంగతి. భూమి మీదికి పోవుడు నేరం కాదు అక్కడ. రెస్పిరేటర్, అంటే పైన గాలి పీల్చే పనిముట్టు అడగొచ్చు, పర్మిట్ అడగొచ్చు, ఇస్తరు. కూనో చేసిన తప్పల్లా పర్మిట్ అడగకుండ సొంత దారి వెతుక్కున్నడు. దానికి శిక్ష హోమ్‌లెస్‌నెస్, అంటే గాలిలకు తోసేసి చంపుడు. తర్వాత మూడో భాగం మొదట్ల ఏమైతదో చూడుండ్రి: రెస్పిరేటర్లనే రద్దు చేస్తరు. నిషేధం పెట్టలే, పనిముట్టు తీసేసిండ్రు. జనం గొడవ చేయలే, ఎందుకంటే ఎవరికీ పైకి పోయే పనే లేదు.

మన దగ్గర 2020లో ఈ-పాస్ ఉండె. పెళ్లికి, చావుకు, ఆసుపత్రికి కారణం రాసి తీసుకునుడు. బృందంల అడగాల్సిన ప్రశ్న: పాస్ ఉన్న లోకానికి, పాస్ అవసరమే పోయిన లోకానికి తేడా ఏంది?

ఇంకోటి. కూనో ముందుగాల చేసే పని తన గది బయట రైలు ప్లాట్‌ఫారం మీద అటుఇటు నడుచుడు. దగ్గర, దూరం అన్న మాటలకు అర్థం పోయింది, కాళ్లతోటి కొలిచి తిరిగి తెచ్చుకుంటడు. డాబా మీద చుట్లు కొట్టిన ఎవరికైనా అది వివరించి చెప్పే పని లేదు.

ఎర్రగీత
ఈ-పాస్ పోలికకు ఒక హద్దు గీయాలి. లాక్‌డౌన్ పైనుంచి వచ్చింది: 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి 21 రోజులు, ఆ తర్వాత పొడిగింపులు. దానికి ప్రారంభ తేదీ ఉంది, ఏదో ఒక రోజు ముగుస్తుందన్న నమ్మకమూ ఉంది. మెషిన్ లోకానికి ఆ రెండూ లేవు. ఈ తేడా గుర్తుపెట్టుకోకుండా రాసే వ్యాసాలు ఒకే గుంటలో పడతాయి. ప్రజారోగ్య నియమం ఏదైనా నియంతృత్వమే అని తేల్చేస్తాయి. మాస్కు పెట్టుకోమనడాన్ని, గాలి పీల్చడానికి అనుమతి తీసుకోమనడాన్ని ఒకే గాటన కట్టేస్తాయి. కథ చెప్పింది అది కాదు.

ప్రతి కథ పక్కనా మూడు ప్రశ్నలు రాసుకుంటే ఈ గుంట తప్పుతుంది. తలుపు మూసింది ఎవరు? గొళ్లెం ఏ వైపు ఉంది? బయట ఎవరు మిగిలిపోయారు?

పో కథకు ఇవి వేసి చూడండి. 1842 నాటి కథ, ఇంగ్లీషులో సుమారు 2,400 మాటలు, గట్టిగా చదివితే పావుగంట. రెడ్ డెత్ అనే మహమ్మారి దేశాన్ని ఊడ్చేస్తుంటే ప్రాస్పెరో యువరాజు తన ఆస్థానంలోంచి వెయ్యి మందిని ఏరుకుని కోటలాంటి మఠంలోకి వెళ్లిపోతాడు. లోపలికి వెళ్లాక కొలుములు, సమ్మెటలు తెచ్చి గడియలను కరిగించి అతికేస్తారు. గొళ్లెం లోపలి వైపు. బయటివాళ్ల సంగతి బయటివాళ్లే చూసుకుంటారులే అన్న ధోరణి. నాట్యగత్తెలు, సంగీతం, మద్యం లోపల. అయిదారు నెలలు గడిచాక ముసుగుల విందు. గదులు ఏడు: నీలం, ఊదా, ఆకుపచ్చ, నారింజ, తెలుపు, వంగపండు రంగు, చివరిది నలుపు. ప్రతి గదిలో కిటికీ అద్దం గది రంగులోనే ఉంటుంది, నల్ల గదికి మాత్రం రక్తం రంగు అద్దం. అక్కడే నల్లచేవ గడియారం. అది గంట కొట్టినప్పుడల్లా వాద్యాలు ఆగుతాయి, నాట్యం ఆగుతుంది, అందరూ ఇబ్బందిగా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, మోత ఆగగానే నవ్వేసి ఈసారి ఇలా బెదరకూడదు అనుకుంటారు. గంట తర్వాత మళ్లీ అదే.

ఆ గడియారం పేరాను గట్టిగా చదివించండి. రోజూ సాయంత్రం కేసుల సంఖ్య వచ్చే బులెటిన్ కోసం చూసి, చూశాక మళ్లీ వంటల్లోకి, సీరియళ్లలోకి వెళ్లిపోయిన తీరు అందులో కనిపిస్తుంది. బాధ ఒక్కటే రాస్తే కథ ఇన్నేళ్లు నిలిచేది కాదు. ఆ ఇబ్బందికరమైన నవ్వు రాశాడు చూడండి, అది గొప్ప.

గోదారిగట్టు
పో కథ డిస్టోపియానా? భయానక కథ కదా. భవిష్యత్తు లేదు, వ్యవస్థ లేదు. జాబితా పేరుకు న్యాయం చేయాలంటే అది ఉండకూడదు.

ఎర్రగీత
శాస్త్రప్రకారం మీ మాటే సరి. అయినా ఉంచమంటాను, తూకపురాయిగా. సంపన్నుల ఏకాంతం ఎలా ఉంటుందో చూపించే కథ ఒకటైనా లేకపోతే మిగతా కథలన్నీ “అందరం ఒకే పడవలో ఉన్నాం” అన్నట్టు వినిపిస్తాయి. 2020 వేసవిలో హైవేల మీద నడిచినవాళ్లు ఆ పడవలో లేరు.

గోదారిగట్టు
ఆ పనికి పో కంటే రాజిందర్ సింగ్ బేడీ ఉర్దూ కథ ‘క్వారంటీన్’ బాగా పనికొస్తుంది. అది డిస్టోపియా అసలే కాదు, ప్లేగు రోజుల వాస్తవ కథ. కథ చెప్పేవాడు డాక్టరు. ప్లేగు కంటే క్వారంటీన్ అంటేనే జనం ఎక్కువ హడలిపోయారన్నది కథ ఎత్తుగడ. రోగుల దగ్గరికి జంకు లేకుండా వెళ్లేది భాగూ అనే పారిశుద్ధ్య కార్మికుడు, చివర్లో సన్మానం దక్కేది డాక్టరుకు. చప్పట్లు, పళ్లాలు, పూలవానలు గుర్తున్నవాళ్లకు ఆ ముగింపు గుచ్చుకుంటుంది. జాబితాలో పెట్టకపోయినా మూడో సమావేశం చివర పది నిమిషాలు దాని గురించి చెప్పండి.

రెండోపఠనం
రే బ్రాడ్‌బరీ ‘ది పెడస్ట్రియన్’ ఎవరూ అనలేదేం? 1951లో ‘ది రిపోర్టర్’ పత్రికలో వచ్చింది. ఇంగ్లీషులో నాలుగైదు పేజీలే, మెల్లగా చదివేవాళ్లకు ఇంతకంటే అనువైనది లేదు.

2053, నవంబరు రాత్రి. లెనర్డ్ మీడ్ ఒక్కడే వీధిలో నడుస్తుంటాడు. ఇళ్లన్నీ చీకటి, లోపల టీవీ వెలుగు మాత్రమే. పదేళ్లుగా నడుస్తున్నాడు, ఎదురుగా నడిచివచ్చిన మనిషి ఒక్కడూ లేడు. కుక్కలు మొరగకుండా మెత్తటి జోళ్లు వేసుకుంటాడు. ముప్ఫై లక్షల జనం ఉన్న ఊళ్లో మిగిలింది ఒకే ఒక్క పోలీసు కారు, ఏడాది కిందటి దాకా మూడు ఉండేవి. నేరాలు లేవు కాబట్టి తగ్గించారు. ఆ ఒక్క కారూ వచ్చి ఇతన్నే ఆపుతుంది. వృత్తి ఏమిటంటే రచయిత అంటాడు. వృత్తి లేదు అని నమోదవుతుంది. ఎందుకు నడుస్తున్నావంటే గాలి కోసం, చూడటం కోసం, నడవడం కోసం. కారులో చూస్తే డ్రైవరు సీటు ఖాళీ.

మూడు ప్రశ్నలూ వేయండి. తలుపు మూసింది ఎవరూ కాదు. గొళ్లెమే లేదు. బయట ఉన్నవాడు ఒక్కడు, వాణ్ని పిచ్చాసుపత్రికి తీసుకెళ్తున్నారు. అవే ప్రశ్నలకు పో దగ్గర వచ్చిన జవాబులు పూర్తిగా తలకిందులయ్యాయి. రెండు కథలూ ఒకే సమావేశంలో పెట్టమనేది ఇందుకే. రెండూ కలిపి అరగంట లోపు చదవడం అయిపోతుంది, గంట చర్చకు మిగులుతుంది.

ఒక జాగ్రత్త. కర్ఫ్యూ రోజుల్లో రోడ్డు మీద లాఠీ తిన్నవాళ్లతో మీడ్‌ని ఎవరో ఒకరు తప్పక పోలుస్తారు. మీడ్ సరదాకు నడిచేవాడు, ఇల్లుంది, ఇంట్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి. వలస కూలీ నడిచింది గూడు చేరడానికి. వీళ్లిద్దరినీ కలిపేస్తే కథకూ అన్యాయం, కూలీకి అంతకంటే అన్యాయం.

సందేహాలరావు
తాకడం గురించి ఏ కథలో ఉంది? భౌతిక దూరం అనేది మన చర్చలో రాకపోతే ఎలా?

నల్లసిరా
ఫోర్‌స్టర్ మొదటి భాగంలోనే, గగన నౌకలో. వాష్టి రెండు రోజుల ప్రయాణం చేస్తుంది. ఒకచోట తూలితే సిబ్బందిలోని ఒకావిడ చెయ్యి చాపి పట్టుకోబోతుంది. వాష్టి కోపంతో అరుస్తుంది, ఎంత ధైర్యం నీకు అని. మనుషులు ఒకరినొకరు తాకడమనే అలవాటే మెషిన్ వల్ల పోయిందని పక్కనే వివరణ. పడబోతున్న మనిషిని పట్టుకోవడమే అమర్యాద అయిపోయింది. ఆ అమర్యాద వెనుక భయం లేదు, రోగం లేదు. మన కాలంలో భయం ముందు వచ్చింది, మర్యాద తర్వాత మారింది. అక్కడ భయం ఎప్పుడో చచ్చిపోయింది, మర్యాద మిగిలింది.

అదే ప్రయాణంలో హిమాలయాలు కనిపిస్తే ఇక్కడ ఆలోచనలేమీ లేవు అని తెర దించేయమంటుంది. కాకసస్‌కీ అదే గతి, గ్రీసుకీ అదే గతి. నవ్వు తెప్పించే భాగం, చదివించండి.

ఇక మెషిన్ పుస్తకం అని ఒకటి ఉంటుంది. తల్లిదండ్రుల విధులు బిడ్డ పుట్టిన క్షణాన ముగుస్తాయని అందులో నియమం. పేజీ 422327483. ఆ పుస్తకం ఆమె చేతిలో ఎలా ఇమిడిందో ఫోర్‌స్టర్‌నే అడగాలి.

వరంగల్లు_వాడ
మూడో భాగం తప్పనిసరి అన్నరు, ఎందుకో చెప్పలే.

నల్లసిరా
వస్తున్నా. మెషిన్ ఒక్కసారిగా ఆగదు. మొదట సంగీతంలో ఒక మూలుగు లాంటి చప్పుడు. వాష్టి ఫిర్యాదు చేస్తుంది, కమిటీకి పంపాం, వరుసలో సరిచేస్తాం అంటారు. సరికాదు. తర్వాత స్నానాల నీళ్లు కంపు కొడతాయి, కవిత్వ యంత్రం ప్రాస తప్పుతుంది, మీట నొక్కితే రావాల్సిన పడకలు రావడం మానేస్తాయి. ప్రతి లోపానికీ జనం మొదట మండిపడతారు, తర్వాత సర్దుకుంటారు. వాష్టికి ఆ మూలుగు కొన్నాళ్లకు రాగంలో భాగంగానే వినిపిస్తుంది. కథ మొత్తంలో నా లెక్కన ఇదే గొప్ప వాక్యం. వీడియో పలకను ఊహించడం కష్టమేమీ కాదు, 1909 నాటికి టెలిఫోన్, సినిమా రెండూ ఉన్నాయి. పాడైపోతున్న దాన్ని జనం ఎలా అలవాటు చేసుకుంటారో ముందే రాయడం కష్టం.

చివర్లో మెషిన్ హోరు ఆగినప్పుడు ఆ నిశ్శబ్దానికే వేలమంది చనిపోతారు. పుట్టినప్పటి నుంచి నిశ్శబ్దం ఎరగరు కాబట్టి. మొదటి సమావేశంలో ఐసొలేషన్ స్విచ్ పేరా చదివించి ఉంటే ఇక్కడ మీరు ఏమీ చెప్పక్కర్లేదు, వాళ్లే అందుకుంటారు.

పుటలమధ్య
అంటే ఫోర్‌స్టర్‌కి ఒక పూర్తి సమావేశం, పో, బ్రాడ్‌బరీ కలిపి ఒకటి. మూడోదానికి?

గోదారిగట్టు
జె.జి. బాలర్డ్ ‘ది ఇంటెన్సివ్ కేర్ యూనిట్’, 1977. అందులో ప్రతి మనిషీ పుట్టినప్పటి నుంచి ఒంటరిగానే పెరుగుతాడు. పెళ్లి, కాపురం, పిల్లల పెంపకం అంతా టీవీ మీదే. డాక్టరు రోగులను చూసేదీ టీవీలోనే. తెరమీద అందరూ చక్కగా, ప్రేమగా ఉంటారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు మొదటిసారి ఒకే గదిలో కలవాలని నిర్ణయించుకుంటారు. తర్వాత జరిగేది రక్తపాతం. ఫోర్‌స్టర్ దగ్గర మనిషి స్పర్శే విముక్తి. బాలర్డ్ అదే పరిస్థితి తీసుకుని, కలిస్తే చంపుకుంటారు అంటాడు. ఫోర్‌స్టర్ చదివాక ఇది చదివితే బృందంలో గొడవ ఖాయం. మంచి గొడవ.

హింస మోతాదు ఎక్కువ. ముందే చెప్పి పెట్టండి, మైనర్లు ఉంటే వద్దు.

సందేహాలరావు
వీటిని తెలుగు చేసి, అచ్చు వేసి పంచుకోవచ్చా?

ఎర్రగీత
మన దేశంలో కాపీరైటు రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్లు. పో చనిపోయింది 1849లో, ఏ ఇబ్బందీ లేదు. ఫోర్‌స్టర్ 1970లో పోయారు, కాబట్టి 2030 డిసెంబరు 31 దాకా ఇక్కడ హక్కులు ఉంటాయి. 1909 నాటి కథ కాబట్టి అమెరికాలో ఎప్పుడో స్వేచ్ఛగా దొరుకుతోంది. అది చూసి ఇక్కడా అంతే అనుకుంటారు, కాదు. అనువాదం అచ్చువేయాలంటే అనుమతి కావాలి. బేడీ 1984, అంటే 2044 చివరి దాకా. బాలర్డ్ 2009, బ్రాడ్‌బరీ 2012, వాళ్లు మన జీవితకాలంలో కష్టమే. సమీక్షలో, విమర్శలో కొన్ని వాక్యాలు ఉటంకించడానికి అడ్డు లేదు. సమావేశంలో కథాసారం తెలుగులో నోటితో చెప్పుకోవడానికీ అడ్డు లేదు.

సారం చెప్పేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి: పదినిమిషాలకు మించకూడదు, కనీసం మూడు వస్తువులైనా పేరుతో రావాలి. పలక, మీట, పడక. వస్తువులు పోయి భావాలు మిగిలిన సారం విన్నాక చర్చ కూడా గాల్లోనే తిరుగుతుంది.

పుటలమధ్య
బాలర్డ్‌కి మా బృందంలో కొందరు అడ్డు చెబుతారు, ఇంటర్ పిల్లలు ఇద్దరు వస్తున్నారు. బదులు ఏదైనా?

రెండోపఠనం
బేగం రొకెయా ‘సుల్తానాస్ డ్రీమ్’ పెట్టండి. 1905లో మద్రాసు నుంచి వెలువడిన ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో నేరుగా ఇంగ్లీషులోనే వచ్చింది. ఆవిడ 1932లో పోయారు కాబట్టి కాపీరైటు కూడా లేదు, తెలుగు చేసి పంచుకోవచ్చు.

అందులో ఆడవాళ్ల దేశం. మగవాళ్లు లోపల, మర్దానాలో, అంటే వాళ్లను ఉంచే పరదా గదుల్లో. యుద్ధంలో ఓడి అలసిపోయి వచ్చినప్పుడు రాణి వాళ్లను లోపలికి వెళ్లమంటుంది, వెళ్తారు, ఆ తర్వాత అదే అలవాటైపోతుంది. అంటువ్యాధులు లేవు, దోమకాటు కూడా లేదని కథలో ప్రత్యేకంగా చెప్పారు. పేరుకు ఇది ఆదర్శ లోకం. ఎర్రగీత గారి మూడు ప్రశ్నలు మర్దానా లోపలి నుంచి అడిగించండి, డిస్టోపియా అవుతుంది. లాక్‌డౌన్‌కి ముందు కూడా ఇల్లు కదలని ఆడవాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి, బయట ఎవరు మిగిలారు అన్న ప్రశ్నకు ఈసారి మగవాళ్ల జవాబులు ఒకలా, ఆడవాళ్ల జవాబులు ఒకలా వస్తాయి. అవి విడివిడిగా కాగితాల మీద రాయించి, ఆ తర్వాతే మాట్లాడించండి. ముందే మాట్లాడిస్తే గొంతు పెద్దగా ఉన్నవాళ్ల జవాబే అందరిదీ అవుతుంది.